మాటలాడు హక్కు – మాటకు బాధ్యత



మన బాలబాలికల పౌరశాస్త్రమున ప్రాథమిక హక్కులను బోధించు పాఠ మొకటి కలదు. ఆ హక్కుల పేర్లను వరుసగా అప్పగింపగల పిల్లలు ప్రతి తరగతిలోను ఉన్నారు. కాని అందులో నొకటియైన వాక్స్వాతంత్ర్యమును ఎట్లు వినియోగింపవలయునో పిల్లలు పుస్తకమునుండి నేర్చుకొనరు. ఇంటియొద్ద తండ్రి పొరుగువానిని గూర్చి ఏమి పలుకునో, తల్లి ఉపాధ్యాయుని గూర్చి ఎట్లు మాటలాడునో విని నేర్చుకొందురు. అందుచేత ఈ పాఠమును పిల్లల కొఱకు గాక పెద్దల కొఱకు వ్రాయుచున్నాను.

నేను క్రైస్తవుడను. మన సంఘములోను, పాఠశాలలోను అన్ని మతములవారును గలరు. నేను బైబిలునుండి చూపు విషయములను క్రైస్తవులైన తల్లిదండ్రులు తమ విధిగా గ్రహింతురు గాక. తక్కినవారు వానిని పొరుగింటి పెద్ద చెప్పిన మాటగా భావించి, తమ పెద్దల బోధతో పోల్చి చూచుకొనవలసినదిగా కోరుచున్నాను.

నేను చెప్పదలచినది ఒక్కటే. తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతములందు తెలుగు మాటలాడు మనము అల్పసంఖ్యాకులము. సంఖ్యాబలము లేనివారికి మాటయే బలము. ఆ మాటను భయముచేత దాచుకొన్నచో మన పిల్లలకు న్యాయము జరుగదు. దానిని అసత్యముతోను, ద్వేషముతోను కలిపినచో, మఱునాడు మనము నిజము చెప్పినను వినువారుండరు.

1. చట్టమిచ్చిన హక్కు

మన రాజ్యాంగము 1950 జనవరి 26న అమలులోనికి వచ్చెను. అందలి 19వ అధికరణము పౌరులందఱకు మాటలాడుటకును, తమ భావములను ప్రకటించుటకును స్వేచ్ఛ నిచ్చినది. కొలది నెలలకే ఆ హక్కు నాటి మద్రాసు రాష్ట్రమున పరీక్షకు వచ్చినది. బొంబాయినుండి వెలువడుచుండిన 'క్రాస్ రోడ్స్' అను పత్రిక ఈ రాష్ట్రమున ప్రవేశింపరాదని ప్రభుత్వము నిషేధింపగా, దాని సంపాదకుడు రమేశ్ థాపర్ సుప్రీంకోర్టు నాశ్రయించెను. 1950 మే నెలలో న్యాయస్థానము ఆ నిషేధమును కొట్టివేసెను. తరువాత 1951లో మొదటి రాజ్యాంగ సవరణము జరిగినది. ప్రజాశాంతి, నేరమునకు పురికొల్పుట మున్నగు కారణములచే ఈ స్వేచ్ఛకు హద్దులు విధించు అధికారము ప్రభుత్వమునకు లభించినది. ఆ హద్దులు సమంజసముగ నుండవలయునను మాటయు అప్పుడే చేర్చబడినది. మఱియొకరి గౌరవమునకు భంగము కలిగించు అపనిందకును రాజ్యాంగము రక్షణ నీయలేదు.

అల్పసంఖ్యాక భాషలవారికి ఉపయోగించు అధికరణములు మఱికొన్ని గలవు. 29వ అధికరణము తమ భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకొను హక్కు నిచ్చినది. 30వది తమకిష్టమైన విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొను హక్కు నిచ్చినది. 1956లో ఏడవ సవరణముచే చేరిన 350-ఎ అధికరణము, ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధన జరుగుటకు తగిన వసతులు కల్పింప ప్రయత్నింపవలసినదని రాష్ట్రములకు విధించినది. ఆ వెంటనున్న 350-బి అధికరణము ఈ రక్షణల అమలును విచారించుటకు ఒక ప్రత్యేకాధికారిని ఏర్పఱచినది.

వీనికన్న ముందుగా మనము తెలిసికొనదగినది 350వ అధికరణము. కష్టము కలిగిన ప్రతి వ్యక్తియు ఆ రాష్ట్రమున వాడుకలో నున్న ఏ భాషలోనైనను అధికారులకు విన్నపము పెట్టుకొనవచ్చునని అది తెలుపుచున్నది. అనగా మన ఊరి తల్లి యొకతె తన బిడ్డ చదువునకు కలిగిన ఇబ్బందిని తెలుగులో వ్రాసి కచ్చేరికి పంపుటకు హక్కు గలదు. ఆంగ్లము రాదనియో, తమిళము వ్రాయలేననియో ఆమె నోరు మూసికొని యుండనక్కఱలేదు.

చట్టము చేయగలిగినది ఇంతవఱకే. అది కొన్ని మాటలను మాత్రమే శిక్షించును. తక్కిన మాటల మేలుకీడులను మన మనస్సాక్షికి విడిచిపెట్టును. శిక్షకు లోబడని మాటలన్నియు మంచివి కానేరవు. పెండ్లి కావలసిన బిడ్డను గూర్చి వీధిలో పలికిన ఒక్క మాట ఏ న్యాయస్థానమునకును పోకుండనే ఆ యింటి నెమ్మదిని చెఱుపగలదు. క్రైస్తవ బోధ ఈ చోటనే ప్రారంభమగుచున్నది.

2. లెక్క అప్పగింపవలసిన మాట

మనుష్యులు పలుకు ప్రతి వ్యర్థమైన మాటకును తీర్పుదినమున లెక్క అప్పగింపవలసియుండునని యేసుక్రీస్తు బోధించినట్లు మత్తయి సువార్త 12వ అధ్యాయము తెలుపుచున్నది. యాకోబు పత్రిక 3వ అధ్యాయము నాలుకను మూడింటితో పోల్చుచున్నది: గుఱ్ఱమును త్రిప్పు కళ్లెముతో, ఓడను నడుపు చిన్న చుక్కానితో, అడవిని తగులబెట్టు నిప్పురవ్వతో. మొదటి రెండును ఉపకారములు, మూడవది వినాశము. ఒకే నాలుక ఈ మూడు పనులను చేయగలదు. దేవుని స్తుతించు నోటితోనే, దేవుని పోలికగా పుట్టిన మనుష్యుని దూషించుట తగదని ఆయన హెచ్చరించుచున్నాడు. మన పెద్దలు నోరు మంచిదైతే ఊరు మంచిదగునని చెప్పిన సామెతయు ఈ భావముననే పుట్టినది.

పది ఆజ్ఞలలో తొమ్మిదవది పొరుగువానిపై అబద్ధసాక్ష్యము పలుకరాదని శాసించుచున్నది. దానిని మీఱినచో ఏమగునో రాజుల మొదటి గ్రంథము 21వ అధ్యాయమునందలి నాబోతు చరిత్ర మనకు చూపుచున్నది. అహాబు రాజు నగరు ప్రక్కన నాబోతునకు ఒక ద్రాక్షతోట యుండెను. రాజు దాని నడుగగా, పితరుల సొత్తును ఈయనని నాబోతు చెప్పెను. అప్పుడు రాణి యెజెబెలు రాజు పేర తాకీదులు వ్రాసి, రాజముద్ర వేసి, ఆ పట్టణపు పెద్దలకు పంపెను. ఇద్దఱు దుర్మార్గులు నాబోతు దేవుని, రాజును దూషించెనని సాక్ష్యము పలికిరి. పెద్దలు విచారింపకయే తీర్పు చెప్పిరి. నాబోతు రాళ్లదెబ్బలచే మరణించెను.

ఈ కథయందు దోషులు మూడు విధములవారు. తాకీదు కల్పించినది రాణి. అబద్ధమాడినవారు సాక్షులు. మూడవవారు ఆ పట్టణపు పెద్దలు. వారు ముద్రను చూచిరి గాని నిజమును చూడలేదు. నేడు మన చేతిఫోనులకు ప్రభుత్వ ముద్రతోను, ఏదో సంతకముతోను సుత్తరువులు వచ్చుచున్నవి. రేపటినుండి పాఠశాల సెలవనియు, ఫలానా భాషా పరీక్ష రద్దయినదనియు, ఫలానావారు పిల్లల నెత్తుకొని పోవుచున్నారనియు వాట్సాపులో తిరుగుచుండును. కల్పించినవాడెవడో మనకు తెలియదు. కాని విచారింపక పదిమందికి పంపినవారు మనలోనే యుందురు. నాబోతు ఊరి పెద్దల స్థానమున నిలిచినది మనమే గదా! 2018లో ఒక కేసు విచారణ సందర్భమున, తాను వ్రాయని సందేశమునైనను ముందునకు పంపినవాడు దానిని ఆమోదించినట్లే యని మద్రాసు ఉన్నత న్యాయస్థానము అభిప్రాయపడినది. పూర్వకాలపు కథయు, నేటి న్యాయస్థానమును ఈ విషయమున ఒకే మాట చెప్పుచున్నవి.

3. ఒక భాషాల్పసంఖ్యాకుల ఫిర్యాదు

ఇట్లనగా, మాటలాడకుండుటయే క్షేమమని కొందఱనుకొందురు. బైబిలు అట్లు బోధింపలేదు. అపొస్తలుల కార్యముల 6వ అధ్యాయమున మన స్థితికి సరిపోవు సంఘటన యొకటి గలదు.

యెరూషలేములోని తొలి క్రైస్తవ సంఘమున రెండు భాషలవారుండిరి. స్థానికులగు హెబ్రీయులు ఎక్కువమంది. గ్రీకు భాష మాటలాడు యూదులు వేఱు దేశములనుండి వచ్చినవారు. దినదినము జరుగు ఆహారపు పంపకములో తమ విధవరాండ్రకు సరిగా అందుటలేదని గ్రీకు భాషవారు నొచ్చుకొనిరి. మొదట అది గొణుగుడుగనే బయలుదేఱెను. అపొస్తలులు ఆ గొణుగుడును అణచలేదు. మీరు సంఘమును చీల్చుచున్నారని గద్దింపనులేదు. శిష్యుల నందఱను పిలిచి విషయమును సభ యెదుట నుంచిరి. మంచి పేరు గల ఏడుగురిని ఆ పనికి ఏర్పఱచుకొనుడని చెప్పిరి. సభ ఏర్పఱచుకొన్న ఆ యేడుగురి పేర్లను చదివిన విశేషము తెలియును. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నియు గ్రీకు పేర్లే. ఎవరికి కొఱత కలిగెనో వారి భాషకు సంబంధించిన పేర్లు గలవారి చేతులకే పంపకమును అప్పగించిరి. తరువాత ఆ సంఘము వృద్ధి పొందెనని గ్రంథము చెప్పుచున్నది.

ఈ ఫిర్యాదు సఫలమగుటకు గల కారణములను గమనింపుడు. అది నిర్దిష్టమైనది: ఏ పంపకము, ఎవరికి అందలేదు అను రెండు విషయములును స్పష్టముగ నున్నవి. అది పలుకలేని దిక్కులేనివారి కొఱకు చేసినది. అది సరిదిద్దగలవారి చెవిని బడినది. విన్నవారును ఫిర్యాదు చేసినవారిని శత్రువులుగ చూడలేదు. మన పాఠశాలలకు తెలుగు పండితుడు లేకున్నను, వాచకములు సకాలమున రాకున్నను మనము చేయవలసినది ఇట్టి ఫిర్యాదే.

అడుగనిదే అమ్మయైనను పెట్టదు. 2006లో తమిళ అభ్యాస చట్టము వచ్చి, ఆ విద్యాసంవత్సరమున ఒకటవ తరగతినుండి తమిళము క్రమముగ నిర్బంధ పాఠ్యమై, 2015-16 నాటికి పదవ తరగతికి చేరినది. తమిళము చదువుకొనని పిల్లల పరీక్ష ఏమగునను ఆందోళన అన్ని అల్పసంఖ్యాక భాషలవారికిని కలిగినది. వారు వీధులలో తమిళమును దూషింపవలసిన పని లేకపోయినది. విన్నపములు పెట్టిరి, న్యాయస్థానముల నాశ్రయించిరి, మినహాయింపులు పొందిరి. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ యేటి పదవ తరగతి పరీక్షకు ఆ మినహాయింపును పొడిగించినది. మాటను సరియైన చోట, సరియైన తీరున ఉపయోగించుట యనగా నిదియే. అదే సమయమున, తమిళము మన పొరుగువారి భాష, మన పిల్లలకు అంగడిలోను ఉద్యోగములోను అవసరమగు భాష. దానిని చక్కగా నేర్చుకొనుటకును, తెలుగును కోరుటకును వైరుధ్యము లేదు.

4. ధైర్యము, మర్యాద

అపొస్తలుడైన పౌలు తన పౌరహక్కులను ఎఱిగి వాడుకొన్నవాడు. ఫిలిప్పీ పట్టణమున విచారణ లేకయే ఆయనను కొట్టి చెఱలో వేసిరి. మఱునాడు అధికారులు రహస్యముగ పంపివేయజూడగా, రోమా పౌరులను ఇట్లు చేయుట న్యాయము కాదనియు, తామే వచ్చి తమ్మును వెలుపలికి తోడ్కొని పోవలయుననియు ఆయన పట్టుపట్టెను. ఆయన దూషణ చేయలేదు, తన హక్కును వదలుకొననులేదు.

అదే పౌలు యెరూషలేము సభలో విచారింపబడునప్పుడు, తన్ను కొట్టుమని యాజ్ఞాపించినవానిపై కోపించి కఠినముగ పలికెను. అతడు ప్రధానయాజకుడని ప్రక్కవారు చెప్పగనే, ప్రజల అధికారిని నిందింపరాదను ధర్మశాస్త్రమును తానే ఉదహరించి వెనుకకు తగ్గెను. సభలో పలికిన మాటను ఆ సభలోనే సరిదిద్దుకొనెను. ఇది మనకు గొప్ప పాఠము. ఒక గ్రూపులో తప్పుడు వార్త పంపినవారు దానిని మెల్లగా తుడిచివేసి యూరకుండరాదు. ఆ గ్రూపులోనే, ఆ మనుష్యులకే, అది నిజము కాదని తెలుపవలయును.

యోహాను సువార్త 18వ అధ్యాయమున మఱియొక సన్నివేశము గలదు. విచారణ సమయమున ఒక బంట్రౌతు యేసును చెంపపై కొట్టగా, తాను చెడుగా మాటలాడియున్నచో ఆ చెడుగును చూపుమనియు, మంచిగ మాటలాడియున్నచో ఎందులకు కొట్టుచున్నావనియు ఆయన అడిగెను. సాక్ష్యము చూపుమని కోరుటకన్న మంచి సమాధానము లేదు. ఎదుటివాని కేక ఎంత పెద్దదైనను, నీ మాటకు ఆధారమేమని నెమ్మదిగ అడుగు అలవాటును మన పిల్లలకు నేర్పవలయును.

5. పొరుగువాని మతము, పొరుగువాని భాష

క్రైస్తవునికి తన విశ్వాసమును ప్రకటించు స్వేచ్ఛను 25వ అధికరణము ఇచ్చినది. సుబ్రహ్మణ్యస్వామి కొండ గల తిరుత్తణిలోను, వీరరాఘవస్వామి కోవెల గల తిరువళ్లూరులోను నివసించు క్రైస్తవులు ఆ స్వేచ్ఛను ఎట్లు వాడుకొనవలయును? దీనికి సమాధానము ఎఫెసు పట్టణమున దొరకుచున్నది.

ఎఫెసు అర్తెమి దేవి ఆలయమునకు ప్రసిద్ధి. పౌలు అచ్చట రెండు సంవత్సరములకు పైగా బోధించెను. తమ వ్యాపారము చెడునను భయముచేత వెండిపనివారు జనమును రేపగా, ప్రజలు నాటకశాలలో చేరి రెండు గంటలసేపు కేకలు వేసిరి. తామెందులకు కూడివచ్చితిమో వారిలో పెక్కుమందికి తెలియదని గ్రంథకర్త వ్రాసెను. చివరకు పట్టణపు కరణము లేచి, ఈ మనుష్యులు మన దేవతను దూషించినవారు కారనియు, ఎవరికైన వ్యాజ్యమున్నచో న్యాయసభలు గలవనియు చెప్పి జనమును పంపివేసెను. అన్ని దినములు బోధ జరిగిన పిమ్మట, ఆ మతమునకు చెందని ఒక అధికారియే బోధకులు దూషకులు కారని సాక్ష్యమిచ్చెను. మన ఊరి క్రైస్తవుని గూర్చియు హిందువైన పొరుగువాడు, ముస్లిమైన పొరుగువాడు ఇట్టి సాక్ష్యము చెప్పగలుగవలయును. తన మాటకు స్వేచ్ఛ కోరువాడు ఎదుటివాని ప్రత్యుత్తరమునకును స్వేచ్ఛ నీయవలయును. ఇతరులు మనకేమి చేయవలెనని కోరుదుమో దానినే వారికి చేయవలెనను క్రీస్తు బోధకు ఇది చేరినదే.

దీనికి మన తిరుత్తణి బిడ్డ జీవితమున చక్కని నిదర్శన మున్నది. డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో తెలుగు కుటుంబమున జన్మించెను. తిరుపతిలోని లూథరన్ మిషను పాఠశాలలోను, వేలూరిలోని వూర్‌హీస్ కళాశాలలోను, పిదప మద్రాసు క్రైస్తవ కళాశాలలోను చదివెను. ఆ సంస్థలలో క్రైస్తవ బోధకులు హిందూమతముపై చేసిన విమర్శలు ఆయన మనస్సును కలచినవి. ఆయన వారిని తిట్టలేదు, కళాశాలను విడిచిపోలేదు. తన మతగ్రంథములను శ్రద్ధగా చదివి, వేదాంతమున నీతికి చోటు లేదను విమర్శకు సమాధానముగ ఎం.ఏ. పరీక్షకు ఒక పరిశోధనవ్యాసము వ్రాసెను. అది 1908లో ముద్రింపబడెను. ఆయన తత్త్వశాస్త్రాచార్యుడు ఆల్ఫ్రెడ్ జార్జి హాగ్ స్వయముగ క్రైస్తవ మిషనరీ. తన వ్యాసము ఆ గురువునకు నచ్చదేమోయని శిష్యుడు సంకోచించెను. కాని హాగ్ దొర ఆ వ్యాసమును మెచ్చుకొని, శిష్యుని ప్రజ్ఞను ప్రశంసించుచు యోగ్యతాపత్రము నిచ్చెను.

ఇందులో ఇరువురి ప్రవర్తనయు గమనింపదగినది. నొప్పించిన మాటకు శిష్యుడు కోపముతో గాక పాండిత్యముతో బదులు చెప్పెను. తన విశ్వాసమునకు ఎదురుగ నిలిచిన వ్యాసమునందలి యోగ్యతను గురువు దాచిపెట్టలేదు. హాగ్ దొర తన క్రైస్తవమును వదలుకొనలేదు. రాధాకృష్ణన్ తన వేదాంతమును వదలుకొనలేదు. ఆ విద్యార్థియే తరువాత 1936లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, 1962లో భారత రాష్ట్రపతి యయ్యెను. ప్రతి సెప్టెంబరు 5న మన పిల్లలు ఉపాధ్యాయులకు పూలిచ్చునప్పుడు ఈ కథను కూడ చెప్పుట మంచిది.

6. మన నేల చరిత్ర చెప్పు పాఠము

మన ప్రాంతము మాటల తీవ్రతను చూచినది. ఆంధ్రరాష్ట్రము కొఱకు పొట్టి శ్రీరాములు మద్రాసులో నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణములు విడువగా, ఆంధ్ర జిల్లాలలో అల్లర్లు చెలరేగి, కాల్పులలో మనుష్యులు మరణించిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడెను. మద్రాసు మనదేయని తెలుగువారు నినదింపగా, తిరుపతి, తిరుత్తణి తమవేయని మ. పొ. శివజ్ఞానము మున్నగు తమిళ నాయకులు ఉద్యమించిరి. ఇరుప్రక్కల నినాదములు మిన్నుముట్టినవి.

కాని సరిహద్దును నిర్ణయించినవి ఆ నినాదములు కావు. రెండు రాష్ట్రములును అంగీకరించి హెచ్. వి. పటాస్కరును మధ్యవర్తిగ నియమించుకొనెను. గ్రామమును మూలముగ గ్రహించి, ఏ గ్రామమున ఏ భాషవారు అధికులో, ఆ గ్రామములు ఒకదానికొకటి ఆనుకొనియున్నవో లేవో చూచి ఆయన సూచనలు చేసెను. వానిని బట్టి 1959లో పార్లమెంటు చట్టము చేయగా, 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రమున కలిసెను. సత్యవేడు ప్రాంతము ఆంధ్రప్రదేశమునకు చేరెను. ఒక్క దినమున తిరుత్తణిలోని తెలుగువారు అల్పసంఖ్యాకులైరి. సత్యవేడు వైపున తమిళులు అట్లే యైరి. గీత మాఱినను పొలములు, సంతలు, బాంధవ్యములు ఎప్పటివలెనే యుండెను. నినాదములు చేసినవారు తమ తమ ఊళ్లకు పోయిరి. ప్రక్కప్రక్క ఇండ్లలో బ్రదుకవలసినవారు ఇచ్చటనే మిగిలిరి. అందుచేత మనము పలుకు ప్రతి మాటను, రేపు ఉదయము ఆ పొరుగువాని ముఖము చూడవలసినవారమని తెలిసి పలుకవలయును.

7. ఇంట ఆచరింపదగిన పద్ధతి

పాఠశాలను గూర్చి మీకు కష్టము కలిగినప్పుడు మత్తయి సువార్త 18వ అధ్యాయమున క్రీస్తు చూపిన వరుస మిగుల ఉపయోగకరము. సహోదరుడు తప్పు చేసినచో మొదట ఒంటరిగ అతనికి తెలుపవలెను. విననిచో ఒకరిద్దఱను వెంటబెట్టుకొని పోవలెను. అప్పటికిని విననిచో సంఘమునకు తెలుపవలెను. మనము తఱచు ఈ వరుసను తలక్రిందులు చేసి, మొదట లోకమున కంతటికిని చాటి, చిట్టచివర ఉపాధ్యాయుని యొద్దకు వచ్చుచున్నాము.

ఒక ఉదాహరణము చూతము. ఎనిమిదవ తరగతి తెలుగు వాచకములు సకాలమున రాలేదనుకొందము. తెలుగును నాశనము చేయుటకు కుట్ర జరుగుచున్నదని గ్రూపులో వ్రాయుట ఒక విధము. దానిని చదివి పదిమంది కోపింతురు. పుస్తకములు మాత్రము రావు. పాఠశాల తెఱచి ఎన్ని వారములైనది, ఎందఱు పిల్లలకు పుస్తకము లేదు, ప్రధానోపాధ్యాయుడు ఎప్పుడు పైకి వ్రాసెను అను వివరములు కనుగొని, తల్లిదండ్రులు సంతకములు చేసి విద్యాశాఖాధికారికి తెలుగులో విన్నపము పంపుట రెండవ విధము. బదులు రానిచో 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద అడుగవచ్చును. సాధారణముగ ముప్పది దినములలో సమాధాన మీయవలయును. కుట్ర యను మాటను ఎవరైనను కొట్టివేయగలరు. లెక్కలతో గూడిన విన్నపమును కొట్టివేయుట కష్టము.

ఏ మాటనైనను పలుకుటకు ముందు, పంపుటకు ముందు, నాలుగు ప్రశ్నలు వేసికొనుడు:

ఇది నిజమా? నిజమని నాకెట్లు తెలిసినది?

ఎవరికి చెప్పినచో ఇది సరిదిద్దబడును? నేను వారికే చెప్పుచున్నానా?

ఎవరిని గూర్చి చెప్పుచున్నానో ఆ మనిషి యెదుట నిలిచి ఇవే మాటలు చెప్పగలనా?

దీనివలన పలుకలేనివానికి మేలు కలుగునా, లేక నా కోపము మాత్రము తీఱునా?

పిల్లల పేర్లను, ఛాయాచిత్రములను, మార్కులను పదిమంది చూచు గ్రూపులలో పెట్టకుడు. అది మన బిడ్డది కాకున్నను ఎవరో తల్లి బిడ్డది. ఉపాధ్యాయుని పొరపాటును పిల్లవాని యెదుట వెక్కిరింపకుడు. అట్లు చేసినచో మఱునాడు ఆ పిల్లవాడు ఆ గురువునొద్ద నేర్చుకొనలేడు. పొరపాటున్నచో పాఠశాలకు వచ్చి ధారాళముగ చెప్పుడు. అట్లు వచ్చిన తల్లిదండ్రులను ఆదరముతో వినుట మా ఉపాధ్యాయుల విధి. యెరూషలేములో ఫిర్యాదు విన్న అపొస్తలుల మార్గము మాకును వర్తించును.

పిల్లలు ప్రశ్నించినప్పుడు గద్దించి నోరు మూయింపకుడు. ఇంట మాటలాడనీయని పిల్లవాడు సభలో మాటలాడలేడు. భోజనముచేయు వేళ దినపత్రికలోని ఒక వార్తను చదివించి, నీ అభిప్రాయమేమి, అందుకు ఆధారమేమి అని యడుగుడు. అన్నకు ఒక అభిప్రాయమును, చెల్లెలికి మఱియొక అభిప్రాయమును ఉండనిండు. ఒకరు ముగించువఱకు రెండవవారు ఆగవలయునను నియమము మాత్రము పెట్టుడు.

సామెతల గ్రంథము చివరి అధ్యాయమున, మూగవారి పక్షమునను, దిక్కులేనివారి పక్షమునను నోరు తెఱువవలసినదని ఒక తల్లి రాజైన తన కుమారునికి బోధించినట్లున్నది. మన పిల్లలు ఇంకను చిన్నవారు. తమకేమి కావలయునో అధికారులకు చెప్పుకొనలేరు. వారి పక్షమున పలుకవలసినవారము మనమే. ఆ పలుకు నిజమైనదిగను, నిర్భయమైనదిగను, పొరుగువాని గౌరవమును కాపాడునదిగను ఉండునట్లు భగవంతుడు మనకందఱకు తోడ్పడుగాక యని ప్రార్థించుచు ఈ పాఠమును ముగించుచున్నాను.